బొందు కింది నల్లమచ్చ: యువ వైద్యులకు ఒక నర్సు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆసుపత్రుల్లో ఈ ఏడాది హౌస్ సర్జన్లుగా, పీజీ విద్యార్థులుగా చేరిన డాక్టర్లందరికీ నమస్కారం.

నేను ఈ రెండు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై మూడేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సగం సర్వీసు మెడికల్ వార్డుల్లోనే గడిచింది. మీకు వైద్యం చెప్పేంత చదువు నాకు లేదు, ఆ సాహసం చేయను కూడా. ఒక మచ్చ గురించి చెప్పాలని రాస్తున్నాను. ఆ మచ్చను కళ్లారా చూసి కూడా నోరు విప్పకుండా ఊరుకున్న రాత్రి ఒకటి నా సర్వీసులో ఉంది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడేళ్లు. కొండ మీది గూడెం నుంచి పద్నాలుగేళ్ల కుర్రవాణ్ని డోలీలో కిందికి దించి, అక్కడి నుంచి జీపులో తెచ్చారు. పదకొండు రోజుల జ్వరం. మాట లేదు. గట్టిగా పిలిస్తే కళ్లు సగం తెరిచేవాడు. మెదడుకు ఎక్కిన మలేరియా అనుకుని దానికి మందు మొదలుపెట్టారు. ఏజెన్సీ నుంచి అలాంటి స్థితిలో ఎవరు వచ్చినా ముందు ఆ అనుమానమే రావాలి, అందులో తప్పేమీ లేదు. రక్తం స్లైడులో మలేరియా కనిపించలేదు. అయినా అదే మందు సాగింది. రెండో రాత్రి జ్వరం ఎంతకూ దిగకపోతే తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తున్నాను. కుడిచెయ్యి పైకెత్తితే చంకలో, మినపగింజ కంటే కాస్త పెద్దదిగా, నల్లగా పక్కు కట్టిన మచ్చ కనిపించింది. చుట్టూ సన్నటి ఎర్రని అంచు. వాత పెట్టించి ఉంటారు అనుకున్నాను. జ్వరం వచ్చినా ఫిట్స్ వచ్చినా పిల్లలకు వాతలు పెట్టించి, ఆ తర్వాతే ఆసుపత్రికి తెచ్చిన వాళ్లను అప్పటికే ఎందరినో చూశాను. పొట్ట మీదో, నుదుటి మీదో పెడతారు గానీ చంకలో ఎవరూ వాత పెట్టరన్న ఆలోచన ఆ రాత్రి నాకు రాలేదు. చెయ్యి దించి, దుప్పటి కప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. మూడో రోజు తెల్లవారుజామున ఆ బిడ్డ పోయాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒక శిక్షణ తరగతిలో గోడ మీద ఫొటో వేసి చూపించారు. చంకలో నల్లటి పక్కు, చుట్టూ ఎర్రని అంచు. స్క్రబ్ టైఫస్ అన్నారు. నేను లేచి బయటకు వచ్చి వరండాలో చాలాసేపు నిలబడ్డాను. ఆ కుర్రవాడిది ఆ జబ్బేనని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. మచ్చ మాత్రం అదే.

ఈ జబ్బు గురించి మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. ఓరియెన్షియా సుసుగముషి అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిని పోలిన అతి చిన్న పురుగు, పిల్లదశలో ఉన్నప్పుడు మనిషిని కుడుతుంది. కుట్టినట్టు కూడా తెలియదు. సుమారు ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపల జ్వరం మొదలవుతుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, కొందరికి దద్దుర్లు. వారం దాటితే ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు, మెదడు, దేన్నయినా పట్టుకుంటుంది. తొలి రోజుల్లో గుర్తిస్తే డాక్సీసైక్లిన్, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, వారం రోజులు. చాలామందికి రెండు రోజుల్లో జ్వరం జారిపోతుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఉంది. వెంటిలేటరు దాకా తీసుకెళ్లగల జబ్బుకు విరుగుడు ఇంత తేలిక. టైఫాయిడ్ అనుకుని ఎక్కించే సెఫ్‌ట్రయాక్సోన్ మాత్రం దీన్ని తాకదు. ఐదు రోజులు పెద్ద సూది ఎక్కించినా జ్వరం దిగని మనిషి మంచం మీద ఉంటే, ఆ ఐదో రోజే మనకు ఒక కబురు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసినవారు బెంజమిన్ డగ్గర్. ఆ పని జరిగిన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కన్నుమూసింది కూడా అదే ఏడాది. అంతకు కొద్ది సంవత్సరాల ముందు, రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మా అడవుల్లో సైనికులు ఈ జ్వరంతోనే చనిపోతుంటే దీనికి పనిచేసే మందు లేదు. ఒక తెలుగువాడి పెద్దరికంలో మొదలైన మందుల కుటుంబం ఇప్పుడు మన చీపురుపల్లిలో, పాలకొండలో, టెక్కలిలో ఏ మందుల షాపులోనైనా చౌకగా దొరుకుతుంది. అయినా ఆ మాత్ర అందక మన వాళ్లు పోవడం నేను తట్టుకోలేను.

వానలు వెనకబట్టాక ఈ జ్వరాలు పెరుగుతాయి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం జరిగే రోజుల నుంచి సంక్రాంతి దాకా మా వార్డులో మంచాల మధ్య కింద కూడా పరుపులు వేసేవాళ్లం. అలాంటి ఒక ఏడాది నలభై అయిదేళ్ల మనిషి వచ్చింది. తొమ్మిది రోజుల జ్వరం. ఊళ్లో ఆరెంపీ వైద్యుడు నాలుగు సూదులు, రెండు సెలైన్లు పెట్టాడు. వైడాల్ పరీక్ష పాజిటివ్ కాబట్టి టైఫాయిడ్ అన్నారు. మా దగ్గరికి వచ్చేసరికి ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నాయి కాబట్టి డెంగీ కావచ్చు అన్నారు. డెంగీ పరీక్షలో ఏమీ తేలలేదు, మలేరియా పరీక్షలోనూ తేలలేదు. మూడో రాత్రికి ఆయాసం మొదలైంది. నిమిషానికి ముప్పై నాలుగు సార్లు ఊపిరి తీస్తోంది. రెండున్నర వేళ సెలైన్ గొట్టం ఊడి ఆమె చీర, లంగా తడిసిపోయాయి. మారుద్దామని బొందు వదులు చేశాను. ఎడమ నడుము మీద, సరిగ్గా బొందు కట్టే చోట, నల్లటి మచ్చ.

ఈసారి దుప్పటి కప్పేసి పోలేదు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ చాలా చిన్నపిల్ల. రెండు రాత్రులుగా నిద్ర లేదు. వచ్చి చూసి, ‘బొందు ఒరుసుకున్న మచ్చ కదా సిస్టర్’ అంది. ‘ఒరుపైతే బొందు వెంట పొడుగ్గా ఉంటుందమ్మా, ఇది గుండ్రంగా ఉంది. అంచు చూడండి’ అన్నాను. ఆ అమ్మాయి విసుక్కోలేదు. నా చేతిలోని టార్చి తీసుకుని, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూసింది. తర్వాత గజ్జల్లో చెయ్యి పెట్టి నొక్కి చూసి, ‘బిళ్లలు కట్టాయి సిస్టర్’ అంది. పెద్ద డాక్టరుకు అప్పటికప్పుడే ఫోను చేసింది. తెల్లారి ఈ జబ్బును తేల్చే ఎలైజా పరీక్షకు రక్తం పంపుదాం, ఫలితం వచ్చాక చూద్దాం అని ఆయన అనలేదు, వెంటనే మొదలుపెట్టమన్నారు. ఆ రాత్రే మొదటి మాత్ర పడింది. మూడో నాటికి జ్వరం లేదు. పదో రోజున ఆ మనిషి కొడుకు భుజం పట్టుకుని నడిచి బస్సెక్కింది. ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని చూసిన ఆ రెండు నిమిషాలే ఆ మనిషిని బతికించాయని నేను నమ్ముతాను.

ఆ మచ్చ మన ప్రాంతంలో రకరకాల వేషాల్లో కనిపిస్తుంది. అది సిగరెట్టు కాలిన మచ్చలా ఉంటుందని పుస్తకం చెబుతుంది. మన పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట కాలుస్తారు, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ కూడా పీలుస్తారు. అందుకని రొమ్ము కింద మచ్చ చూసి నిజంగానే చుట్ట నిప్పు రాలిందనుకున్న సందర్భం నాకు తెలుసు. మగవాళ్లకు మొలతాడు కింద ఉంటే తాడు ఒరుపంటారు. పిల్లలకైతే వాత అంటారు. చెవి వెనక ఉంటే జుట్టు కప్పేస్తుంది. పైగా నొప్పి ఉండదు కాబట్టి రోగి తనంతట తాను చెప్పడు. అడిగినా ‘మచ్చలేమీ లేవు బాబూ’ అంటాడు, వీపు వెనక, పిరుదుల మీద ఏముందో అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది? అందరికీ ఈ మచ్చ ఉండదన్నది కూడా నిజమే. చీరకట్టులో ఉన్న మనిషిని ఆమె కొడుకు ముందు, నలభై మంది ఉన్న వార్డులో, తెర లేకుండా పరీక్ష చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆమె సిగ్గుపడుతుంది, మీరు మొహమాటపడతారు. ఆ మొహమాటం వల్లే చూపు మెడ దగ్గర ఆగిపోతుంది. పక్కన నర్సును నిలబెట్టుకుని, ‘అమ్మా, పురుగు కుట్టిన మచ్చేమైనా ఉందేమో చూడాలి’ అని చెప్పి అడిగితే కాదన్న మనిషిని నా సర్వీసులో చూడలేదు.

చూడటం తర్వాత అడగటం. కేసు షీటులో ‘వృత్తి: కూలి’ అని రాసి ఉండటం మీరు రోజూ చూస్తారు. ఏం కూలి? జీడితోటలో కలుపు తీసే కూలికి ఒక రోగం, పలాసలో జీడిపిక్కలు కాల్చే కూలికి ఇంకొకటి. వరిచేలో దమ్ములో దిగిన కాలికి అంటేది ఒకటైతే, సరుగుడు తోటలో పుల్లలు ఏరిన నడుముకు అంటేది మరొకటి. గుజరాత్‌లోని వేరావల్ పడవల మీద ఎనిమిది నెలలు వేటకు పోయి వచ్చిన మత్స్యకారుడూ, హైదరాబాదులో ఇటుకలు మోసి పండక్కి ఇంటికొచ్చిన కుర్రవాడూ, ఇద్దరూ చీటీలో కూలీలే. ‘ఈ నెల రోజుల్లో ఎక్కడెక్కడ ఉన్నావు, చేత్తో ఏం పట్టుకున్నావు, కాలు ఎక్కడ పెట్టావు’ అని అడగడానికి మూడు నిమిషాలు చాలు.

అడగడం వల్ల ఏమవుతుందో బీహారు చూపించింది. ముజఫర్‌పూర్ జిల్లాలో ఏటా మే, జూన్ నెలల్లో చిన్నపిల్లలు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి స్పృహ తప్పేవారు. ఏళ్ల తరబడి దాన్ని మెదడువాపు అన్నారు, వైరస్ అన్నారు, వడదెబ్బ అన్నారు. 2014లో మన దేశపు, అమెరికా దేశపు పరిశోధకులు కలిసి ఆ పిల్లల తల్లులను కూర్చోబెట్టి అడిగిన వాటిలో ఒకటి: ముందు రోజు రాత్రి అన్నం తిన్నాడా? చాలామంది తినలేదు. పగలంతా తోటల్లో లిచీ పండ్లు తిని, రాత్రి ఏమీ తినకుండా పడుకున్నారు. లిచీలోని పదార్థాలు ఒంట్లో చక్కెర తయారు కాకుండా అడ్డుపడ్డాయి. రక్తంలో చక్కెర దారుణంగా పడిపోయింది. 2017లో ఆ వివరాలు ప్రచురించారు. పిల్లలకు రాత్రి తిండి పెట్టండి, ఆసుపత్రికి రాగానే చక్కెర చూసి గ్లూకోజు ఎక్కించండి అన్న సలహాతో కేసులు తగ్గాయి. 2019లో మళ్లీ వందకు పైగా పిల్లలు పోయారు. దొరికిన జవాబును కూడా ఏటా, ప్రతి ఊళ్లో, ప్రతి తల్లి దగ్గరా మళ్లీ అడిగి తెలుసుకోవలసిందేనని నాకు అర్థమైంది.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి వచ్చే సవర వాళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2022లో ఆ మండలాలు కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి గానీ, రోగులు జిల్లా సరిహద్దు చూసుకుని రారు. మీరు తెలుగులో అడుగుతారు, వాళ్లు తలూపుతారు. మీరు అవునని రాసుకుంటారు. ‘నాలుగు రోజుల జ్వరం’ అని షీటులో ఉన్న ఒక ముసలాయనకు నిజానికి పద్దెనిమిది రోజులుగా జ్వరం ఉన్న సంగతి మా ఆయా సవరలో మాట్లాడాక తెలిసింది. ఆమె ఆ వైపు మనిషి. ఆయన పోడు నరికిన చోటే పాక వేసుకుని కాపలా ఉన్నాడట. ఆ మాట ఆమె అడిగిందాకా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా మరి. మీ వార్డులో ఊడ్చేవాళ్లలో, స్ట్రెచరు తోసేవాళ్లలో సవర, జాతాపు భాషలు వచ్చినవాళ్లు ఎవరో చేరిన మొదటి వారంలోనే తెలుసుకోండి. వాళ్లను గౌరవంగా పిలిచి పక్కన నిలబెట్టుకోండి.

మెలియాయిడోసిస్ పేరు 2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరస మరణాలు జరిగినప్పుడు పత్రికల్లో కనిపించింది. చాలామంది అప్పుడే మొదటిసారి విన్నారు. జబ్బు మాత్రం పాతదే. 1911లో రంగూన్‌లో విట్మోర్ అనే వైద్యుడు, కృష్ణస్వామి అనే ఆయన సహాయకుడు కలిసి దీన్ని గుర్తించారు. రంగూన్ అంటే ఒకప్పుడు మన తీరం నుంచి వేలమంది కూలీలు ఓడలెక్కి వెళ్లిన ఊరే. ఈ బ్యాక్టీరియా తడి మట్టిలో, వరి పొలాల్లో, నిలవనీటిలో ఉంటుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లోకి వస్తే అచ్చం క్షయలా ఉంటుంది, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు కడుతుంది.

నాగావళి ఒడ్డు ఊరి రైతు ఒకాయనకు రెండు నెలలుగా క్షయ మందులు వాడుతున్నారు. తగ్గడం లేదు, మనిషి ఎండిపోతున్నాడు. స్కానింగులో ప్లీహంలో గడ్డలు కనిపించాయి. చీము తీసి ల్యాబ్‌కు పంపితే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా రకం అని, బయటి నుంచి కలిసినది కావచ్చని రిపోర్టు వచ్చింది. అలాంటి రిపోర్టులు మామూలుగా ఫైలులో పడి ఉంటాయి. మా ల్యాబ్ టెక్నీషియన్ ఆ సూక్ష్మజీవిని పెంచిన ప్లేటును పారేయలేదు. జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగని ఈ సూక్ష్మజీవి ఆగ్మెంటిన్‌కు లొంగుతోంది, మామూలు సూడోమోనాస్ ఇలా ఉండదు అని ఆయనకు అనుమానం. ప్లేటు పట్టుకుని వార్డుకు నడిచి వచ్చి నన్ను అడిగిన మాట నాకు ఇంకా చెవిలో ఉంది: ‘సిస్టర్, ఈయన మొన్న దమ్ములో దిగాడా?’ దిగాడు. కాలి మడమ పగిలి ఉండగానే దిగాడు. చక్కెర కూడా ఉంది. నమూనా పెద్ద ల్యాబ్‌కు వెళ్లింది, జబ్బు తేలింది. రెండు వారాలకు పైగా సూదులు, ఆ తర్వాత నెలల తరబడి కోట్రైమాక్సజోల్ మాత్రలు. ఆయన బతికాడు. ల్యాబ్ మెట్లు ఎక్కి టెక్నీషియన్‌తో మాట్లాడే డాక్టరు అంటే నాకు అప్పటి నుంచీ ప్రత్యేకమైన అభిమానం.

ఉద్దానం గురించి రాయకుండా శ్రీకాకుళం గురించి రాయలేను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మీకు తెలుసు. చక్కెర జబ్బు లేకుండా, పెద్దగా రక్తపోటు లేకుండా, కష్టపడి పనిచేసే వయసులోనే కిడ్నీలు పాడవుతాయి. ఎన్నో బృందాలు వచ్చి వెళ్లాయి, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి తాగునీరు వచ్చింది. ఇవి రావడానికి ఆ జనం ఎన్నేళ్లు ఎదురుచూశారో!

నా బాధ వేరొకటి. ఉద్దానం పేరు ఇప్పుడు ఒక ముద్రలా మారింది. కవిటి నుంచి వచ్చాడు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఐదు ఉంది అనగానే ‘ఉద్దానం కిడ్నీ’ అని రాసేస్తారు, ఇక ఎవరూ ముందుకు ఆలోచించరు. స్క్రబ్ టైఫస్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా దెబ్బతీస్తుంది. ఒంటినొప్పులకు నెలల తరబడి మింగిన నొప్పి బిళ్లలూ దెబ్బతీస్తాయి. వీటిలో కొన్ని సకాలంలో పట్టుకుంటే పూర్తిగా నయమయ్యేవి. ఇలాగే ఒక ముప్పై ఏళ్ల మనిషికి జీవితాంతం డయాలసిస్ తప్పదని ఇంట్లోవాళ్లకు చెప్పేశారు. భార్య పుస్తెలు కుదువ పెట్టడానికి కూడా సిద్ధపడింది. అతనికి అంతకు ముందు జ్వరం వచ్చిందా, ఆరు నెలల క్రితం రక్తపరీక్ష కాగితమేదైనా ఉందా అని ఒక పీజీ డాక్టరు అడిగాడు. ఉంది. ఇంట్లో బియ్యం డబ్బాలో దాచిన కాగితం. అప్పటి క్రియాటినిన్ మామూలుగానే ఉంది. అంటే ఇది కొత్త దెబ్బ. జ్వరానికి వైద్యం చేశారు, నాలుగు డయాలసిస్‌లతో కిడ్నీలు తేరుకున్నాయి. పాత కాగితం అడగండి డాక్టరు గారూ. మన వాళ్లు రూపాయలు పోగొట్టుకున్నా ఆసుపత్రి కాగితాలు పోగొట్టుకోరు.

పరీక్షల సంగతి మీకే బాగా తెలుసు, రెండు మాటలతో వదిలేస్తాను. ఒక్క వైడాల్‌ను నమ్మి టైఫాయిడ్ అని తేల్చడం మన ప్రాంతంలో పెద్ద పొరపాటు. ఎప్పుడో సోకిన జబ్బుకు కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. స్క్రబ్ టైఫస్‌కు వాడే వీల్ ఫెలిక్స్ పరీక్ష 1916 నాటిది, జబ్బు ఉన్నా లేదని చెప్పడం దానికి మామూలే. ఐజీఎం ఎలైజా మెరుగైనది, కానీ మొదటి కొద్ది రోజుల్లో అదీ పలకకపోవచ్చు. పైగా చాలాచోట్ల ప్లేటు నిండేన్ని నమూనాలు పోగయ్యే దాకా ల్యాబ్‌లో ఆగాల్సి వస్తుంది. రోగి పోయిన మర్నాడు వచ్చిన పాజిటివ్ రిపోర్టును కేసు షీటుకు పిన్ను చేసిన చేతులు ఇవి. అనుమానం గట్టిగా ఉంటే ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టమని భారత వైద్య పరిశోధన మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. జబ్బు ముదిరితే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరం ద్వారా ఇవ్వడం మేలని మన దేశంలోనే ఏడు ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఒక్కసారిగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. రాష్ట్రం కదిలింది, ఢిల్లీ నుంచి బృందాలు వచ్చాయి, రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు. వందల మంది కాబట్టి అంత కదలిక. ఒక్క మనిషి, మన వార్డులో, పదిహేడో నంబరు మంచం మీద, ఎవరికీ అంతుపట్టని జబ్బుతో పడి ఉంటే ఎవరు కదులుతారు? మీరే కదలాలి. ఆ మనిషికి ఢిల్లీ బృందం మీరే.

తెలియనప్పుడు ‘కారణం ఇంకా తెలియలేదు’ అని షీటులో రాయండి. అలా రాయడానికి చాలామంది భయపడతారు. పెద్దవాళ్లు రౌండ్స్‌లో ఏమంటారో అని ఏదో ఒక పేరు రాసేస్తారు. పేరు రాశాక ఆ జబ్బు మందులే నడుస్తాయి, తర్వాతి డ్యూటీవాళ్లు ఆ పేరే అప్పగింతలో చెబుతారు, మూడో రోజుకు అది నిజమైపోతుంది. ఖాళీగా వదిలిన చోట మాత్రం కొత్త డాక్టరు వచ్చి మళ్లీ మొదటి నుంచి ఆలోచిస్తాడు.

విశాఖకు పంపేటప్పుడు ఇచ్చే చీటీ గురించి కూడా. ‘మెరుగైన వైద్యం కోసం పంపడమైనది’ అన్న ఒక్క వాక్యంతో 108లో ఎక్కించిన రోగులను లెక్కపెట్టలేను. అక్కడి డాక్టరుకు ఈ మనిషికి ఏ రోజు ఏ మందు పడిందో, ఏ పరీక్ష అయిందో తెలియదు. ఆయన మళ్లీ మలేరియాతో మొదలుపెడతాడు. ఒకటిన్నర రోజు పోతుంది. జ్వరం ఎన్నో రోజు, ఏ ఊరు, ఏం పని, ఒళ్లంతా చూశామా లేదా, ఏ మందు ఎన్ని మోతాదులు, మన అనుమానం ఏమిటి, ఏ రిపోర్టు ఇంకా రావాల్సి ఉంది, ఫోను నంబరు ఏది, ఇవన్నీ అర పేజీలో పడతాయి. ఆ రిపోర్టు వచ్చిన రోజున ఆ పెద్ద ఆసుపత్రికి ఫోను చేసి చెప్పే బాధ్యత కూడా ఎవరో ఒకరు తమ పేరు మీద వేసుకోవాలి.

మీ సూపరింటెండెంట్లు, జిల్లా వైద్యాధికారులు కూడా ఈ లేఖ చదివితే వారికి నా విన్నపం ఇది. ఆగస్టు నుంచి జనవరి దాకా ఎలైజా పరీక్ష వారంలో కనీసం రెండు సార్లు, నమూనాలు తక్కువున్నా సరే, నడిపించండి. డాక్సీసైక్లిన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నిండుకోకుండా చూడండి. కొత్త నర్సులకు చేరిన నెలలోనే ఆ మచ్చ ఫొటో చూపించండి. నాకు సర్వీసు ఏడో ఏటికే చూపించి ఉంటే బాగుండేది.

డాక్టర్లకు చివరిగా. రేపు రాత్రి డ్యూటీకి వెళ్లినప్పుడు ఐదు రోజులు దాటిన జ్వరంతో, ఇంకా పేరు తేలని మనిషి ఎవరున్నారో సిస్టర్‌ను అడగండి. ఆ మంచం దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. టార్చి తీసుకెళ్లండి. చంకలు, చెవుల వెనక, రొమ్ముల కింద, నడుము, గజ్జలు, వీపు చూడండి. వార్డులో తెర లేకపోతే ఇద్దరు ఆడవాళ్లను దుప్పటి అడ్డం పట్టుకోమనండి, పక్క మంచాల వాళ్ల దగ్గర కూర్చున్న తల్లులే లేచి వచ్చి పట్టుకుంటారు.

ఇట్లు,
రిటైరైన ఒక స్టాఫ్ నర్సు,
విజయనగరం